సౌమ్య తాగని పాలు

"నీ పాలు తాగి పెరిగితే నా బిడ్డకు ఈ గతి పట్టేదా!"

భర్త చంద్రమౌళి కేకకు పద్మలత గుమ్మంలోనే ఆగిపోయింది. అప్పుడే హనుమకొండ దవాఖాన నుంచి మట్టెవాడలోని ఇంటికి వచ్చారు. ఎనిమిదేళ్ల సౌమ్య బడిలో ఆడుతూ ఆయాసంతో కూలబడింది. పిల్లలంతా నవ్వారట! వయసుకు మించిన బరువని, ఇలాగే పెరిగితే షుగర్ వచ్చే ప్రమాదముందని డాక్టరమ్మ చెప్పింది. "తల్లిపాలు తాగిన పిల్లల్లో ఈ ముప్పు కొంచెం తక్కువ. కానీ అదొక్కటే కారణం కాదు" అంది. చంద్రమౌళి చెవికి మొదటి మాటే ఎక్కింది.

"అందం పోతదని డబ్బా పాలు పట్టినవ్!"

పద్మలత సౌమ్యను లోపలి గదిలోకి పంపింది. కాన్పు ఆపరేషన్ కుట్లు చీముపట్టి తాను జ్వరంతో మంచంలో ఉంటే, చంద్రమౌళి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బేరాల్లో మునిగి ఉన్నాడు. పసిదాన్ని పక్క గదికి తీసుకుపోయింది అత్తగారు రాజక్క! "గిన్ని మందులు మింగుతున్నవ్, నీ పాలు పిల్లకు పడయ్ బిడ్డా" అంది. గోడ అవతల పాప ఏడుస్తుంటే ఇవతల తన జాకెట్టు తడిసిపోయేది... చివరికి పాలు ఇంకిపోయాయి. నింద మిగిలింది!

"ఆగు కొడకా!" లోపలి నుంచి రాజక్క వచ్చింది. "దాన్నేమనకు. పాలియ్యకుండ ఆపింది నేను! నీకంటె ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది... నాకు పాలు పడలే. ఆకలికి ఏడ్చి ఏడ్చి నా ఒళ్లెనే పాణమిడిసింది. మళ్ల గట్లనే అయితదేమోనని భయపడ్డ. పిల్ల బొద్దుగుంటే సాలనుకున్న. ఏడిస్తే డబ్బా, అలిగితే బిస్కెట్లు... అన్ని నేనే పెట్టిన. నా కోడలు ఒక్కనాడు నా పేరెత్తలే!"

తనకొక అక్క ఉండేదని చంద్రమౌళికి ఇన్నేళ్లకు తెలిసింది! "పద్మా..." అన్నాడు.

ఈ మాట అత్త నోట వినాలని పద్మలత ఎంతగా ఎదురుచూసింది! తీరా విన్నాక సంతోషమే కలగలేదు... ముసలామెను పట్టుకుని కూర్చోబెట్టింది. "ఊకోండి అత్తమ్మా... ఆ పాప సంగతి అప్పుడే చెప్పుంటే, ఇద్దరం కలిసి ఏడుద్దుము గదా!"

తలుపు చాటు నుంచి సౌమ్య అంతా వింటోంది.

"అమ్మా... నేనింక సన్నగ కానా?"

"మెల్లమెల్లగ అయితవ్ తల్లీ. రేపటి నుంచి అందరం కలిసి నడుద్దాం. నువ్వు తినేదే మేం తింటం. రా, నా ఒళ్ల కూసో."

సౌమ్య ఒక అడుగు వేసి ఆగిపోయింది. "వద్దమ్మా... నేను బరువున్న. నీ కాళ్లు నొస్తయ్."

"నొయ్యవు... రావే" అంటూ పద్మలత రెండు చేతులూ చాచింది.

సౌమ్య ఒళ్లో కూర్చోలేదు. పక్కన నేలమీద కూర్చుని, తల మాత్రం అమ్మ మోకాలి మీద ఆనించింది.