తమ్ముడి ఊపిరి లెక్క

పొద్దుటి తిండి తిని తమ్ముడు పుస్తకాల బైండింగ్ బల్ల కింద కునుకు తీశాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, గోడ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, వాడి డొక్కలు లేచి పడటం లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై రెండు. నిన్నా అంతే, మొన్నా అంతే.

తమ్ముడంటే కుక్క. పదమూడేళ్ళ క్రితం కూతురు బడి నుంచి వస్తూ గుప్పెడంత తెల్ల పిల్లను పుస్తకాల సంచిలో వేసుకొచ్చి, "నువ్వెలాగూ నాకు తమ్ముణ్ణి ఇవ్వలేదుగా, నేనే తెచ్చుకున్నా" అంది. ఆ పేరే ఖాయమైంది. ఆస్పత్రి చీటీ మీద కూడా తమ్ముడనే ఉంటుంది.

పోయిన ఏడాది వాడికి దగ్గు పట్టుకుంది. పశువుల డాక్టరమ్మ స్కాన్ తీసి చూసింది. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట. కిందికి దిగిన రక్తంలో కొంత మళ్ళీ వెనక్కి తన్నుకొస్తోందట. వచ్చినదానికి చోటివ్వలేక పై గది సాగిపోతోందట. నిద్రలో ఊపిరి ముప్పై దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు, వెంటనే చెప్పండి అంది. కూతురిది ఆ పనే. పెద్దాసుపత్రిలో మనుషుల గుండెలకు స్కాన్ తీస్తుంది. ఆసుపత్రి పక్కనే గది అద్దెకు తీసుకుని నాలుగేళ్ళయింది, బస్సులో గంట దారి. "రోజూ తమ్ముడి లెక్క మెసేజ్ పెట్టమ్మా" అని చెప్పి వెళ్ళింది.

అమ్మ పెట్టేది. ఇరవై రెండు. అటు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చేది. ఇరవై మూడు. మళ్ళీ బొటనవేలు. నవమాసాలు మోసి కన్న కూతురు రోజుకో బొటనవేలు చూపిస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా మరి!

ఒకరోజు ఉక్కపోతకి వాడి లెక్క నిజంగానే ముప్పై మూడు వచ్చింది. పెట్టిన గంటకల్లా కూతురు గుమ్మంలో ఉంది. మధ్యాహ్నమంతా తమ్ముణ్ణి పక్కలో వేసుకుని నేల మీదే నిద్రపోయింది. అమ్మ ఆ పక్కనే కూర్చుని చప్పుడు కాకుండా పుస్తకాలు కుట్టుకుంది. ఇల్లు ఇల్లులా అనిపించింది. సాయంత్రం కూతురు వెళ్ళిపోయాక, ఆ తలగడ దులపడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు.

మర్నాడు మళ్ళీ ఇరవై రెండు. వేలితో ముప్పై ఒకటని కొట్టబోయింది కానీ, ఉత్త అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని తమ్ముడి పక్కనే వెల్లకిలా పడుకుని, తన గుండెల మీద చెయ్యి వేసుకుని, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టింది. ముప్పై రెండు. వేలెడంత కుక్కకి ఇరవై రెండైతే ఇంత మనిషికి ఆ మాత్రం ఉండదా అనుకుని, అదే పంపింది.

ఈ నెలలో అలా మూడుసార్లయింది. ఆ మూడుసార్లూ కూతురు ఆదరాబాదరాగా వచ్చింది, తనని చూసి వాడు లేచి గంతులేస్తుంటే నిద్ర లెక్క చూడటం కుదరక, అమ్మ అంకెనే నమ్మి, డాక్టరమ్మకు ఫోన్ చేసి నీటి మాత్ర పెంచింది. ఒంట్లో నీరే కదా పోయేది, దానికేమవుతుందిలే అని అమ్మ సర్దిచెప్పుకుంది.

ఇవాళా ముప్పై రెండే పంపి, బైండింగ్ ప్రెస్సు బిగించడానికి లేచింది. ఆయన పోయాక ఆ పనంతా ఆమెదే. ఒకప్పుడు ఒక్క ఊపులో తిప్పేసే ఇనప చక్రం దగ్గర ఇప్పుడు మూడుచోట్ల ఆగాల్సి వస్తోంది. "దీనికి నూనె వెయ్యాలి" అని చక్రాన్ని తిట్టుకుంది.

కూతురు వచ్చీ రాగానే బల్ల కిందికి వంగింది. "తమ్ముడూ, అక్క వచ్చిందిరా!"

వాడు తోక కదిపాడు. లేవబోయి, వెనక కాళ్ళు తడబడి కూలబడ్డాడు.

"ఇలా డీలా పడిపోయాడేంటమ్మా? పద, డాక్టరు దగ్గరికి."

డాక్టరమ్మ వాణ్ణి పక్కకి పడుకోబెట్టి చాలాసేపు చూసింది. "పై గది మూడు నెలల కింద ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. ఊపిరితిత్తుల్లో చుక్క నీరు లేదు. ఊపిరి ఇరవై ఒకటి. మనమే మాత్రలతో వీడి ఒంట్లో నీళ్ళన్నీ తోడేశాం. ఇంకో వారం ఇలాగే సాగితే కిడ్నీలు పోయేవి. ఇంట్లో లెక్క చూస్తున్నదెవరండీ?"

కూతురు అమ్మ వంక చూసింది. తమ్ముడికి సెలైన్ పెట్టాక, బయట బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుంది.

"పొద్దున ముప్పై రెండని పెట్టావు. దార్లో తగ్గిపోయిందా?"

అమ్మ చీర కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది.

"అమ్మా, నిన్నే."

"వాడిది ఇరవై రెండే."

"మరి?"

"ఇరవై రెండంటే నువ్వు రావు కదే!"

కూతురి ముఖం ఎర్రబడింది. "నువ్వు రమ్మంటే రానా?"

"ఎన్నిసార్లు రమ్మన్నాను? ఒకసారి డ్యూటీ అన్నావు, ఒకసారి వచ్చేవారం అన్నావు. వాడికి బాలేదంటే మాత్రం రెక్కలు కట్టుకుని వాలతావు. నోరులేని జీవాన్ని చూసి కుళ్ళుకునేదాకా వచ్చిందే నా బతుకు!"

"అందుకని వాణ్ణి చంపేస్తావా? నోటికొచ్చిన అంకె వేసేస్తావా?"

ఆ మాటకు అమ్మకు రోషం వచ్చింది. "నోటికొచ్చింది వెయ్యలేదు. నాది లెక్కపెట్టి వేశాను. గడియారం చూసి, నిమిషం నిండా."

కూతురు అమ్మ భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నీదా? మనిషికి ఇరవై దాటకూడదమ్మా! కూర్చునా, పడుకునా?"

"పడుకునే. వాడి పక్కనే."

"ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?"

"మూడు. మెడనొప్పిలే."

"దగ్గు?"

"వాడి దగ్గులో నాదెవరికి వినపడుతుందే?"

కూతురు వంగి అమ్మ చెప్పులు విప్పింది. పాదం మీద వేలు పెట్టి నొక్కి తీసింది. పడిన గుంట పూడుకోలేదు.

మధ్యాహ్నానికల్లా అమ్మ పెద్దాసుపత్రిలో సన్న మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. గుండెల మీద రాసిన జెల్లీ చల్లగా తగిలింది. స్కాన్ తీసేటప్పుడు ముఖంలో ఏమీ కనపడనివ్వకూడదని కూతురు ఎప్పుడో నేర్చుకుంది. ఇవాళ ఆ నేర్చుకున్నదేదీ అక్కరకు రాలేదు. కొలిచింది, నమ్మలేక మళ్ళీ కొలిచింది.

"తమ్ముడిదీ నాదీ ఒకటేనా?"

"ఒకటేనమ్మా. కవాటం వదులైంది. పంపిన రక్తం తిరిగొచ్చేస్తోంది. పై గది వాడికంటే నీకే ఎక్కువ సాగింది." కూతురు చేతిలోని స్కాన్ పిడి పక్కన పెట్టేసింది. "రోజుకి ఇరవై మందికి కొలుస్తాను. నిన్ను ఒక్కసారైనా ఈ మంచం ఎక్కించలేదు."

ఇంక ఆపుకోలేక అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. అమ్మ జెల్లీ అంటిన చేత్తోనే కూతురి జుట్టు నిమిరింది. నాలుగేళ్ళుగా ఆ తల తన భుజం మీద ఉండాలని కోరుకున్న మనిషి, ఇలా ఏడుస్తూ ఉండాలని మాత్రం కోరుకోలేదు.

గుండె డాక్టరు సరైన సమయానికే వచ్చారన్నాడు. ముందు మాత్రలు, వచ్చే నెల కవాటానికి ఆపరేషన్. మందుల చీటీలో నీటి మాత్ర పేరు చూసి అమ్మ, "తమ్ముడివి సగం మిగిలాయి, అవి వేసుకోనా?" అంది.

"అమ్మా!"

పది రోజులు గడిచాయి. తమ్ముడు తేరుకున్నాడు. ఎవరి ఊపిరి వాళ్ళే లెక్కపెట్టుకుంటే అంకె చూసి అనవసరంగా కంగారుపడతారని, అమ్మను మాత్రం తనది లెక్కపెట్టుకోవద్దంది కూతురు. ఆ పొద్దున అమ్మ తమ్ముడి లెక్క ఉన్నదున్నట్టు ఇరవై ఒకటని పెట్టింది. బొటనవేలు వచ్చింది. అలవాటైనదే కదా అని ఫోను బోర్లించింది కానీ, కళ్ళు గుమ్మం వైపే పోయాయి.

గేటు చప్పుడైంది. భుజాన సంచితో కూతురు.

"ఇరవై ఒకటే కదే పెట్టాను?"

"చూశాగా. బొటనవేలు కూడా పెట్టాను."

"మరెందుకొచ్చావు?"

"నీ లెక్క నేనే చూసుకుందామని. ఊఁ, పడుకో."

అమ్మ మూడు దిండ్ల మీద వాలింది. కూతురు పక్కన కూర్చుని, ఆమె గుండెల మీద చెయ్యి వేసి, గడియారం వైపు చూస్తూ పెదవులు కదిపింది. తమ్ముడు వచ్చి ఇద్దరి కాళ్ళ దగ్గర ముడుచుకున్నాడు.

"సంచి పెద్దదిగా ఉంది, ఎన్నాళ్ళుంటావే?"

"మాట్లాడకమ్మా, లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నుంచి."

అమ్మ కళ్ళు మూసుకుంది. ఇంకోసారి తప్పితే బాగుండుననుకుంది.