అక్క ఇచ్చిన పదకొండేళ్లు

తాండూరు బజారులో కుమారస్వామి టైలరింగ్ దుకాణం షట్టర్ ఎత్తేసరికి పక్క హోటల్లో ఇంకా మొదటి వాయి ఇడ్లీ దిగలేదు. భార్య పద్మారాణి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. ముప్పై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్న మనిషి, అప్పుడే కుట్టిన జాకెట్ ఆమె చేతికిచ్చి హుక్కులు పెట్టమన్నాడు. ఆమె దాన్ని విప్పి చూసింది. ఎడమ చెయ్యి తిరగబడి ఉంది. లోపలి కుట్టు పైకి వచ్చింది.

“ఏందయ్యా ఇది? ఒక చెయ్యి ఉల్టా కుట్టినవ్.”

“ఏది? మంచిగనే ఉన్నది గదా.”

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను ఆట పట్టించడం లేదు. తేడా నిజంగానే అతనికి కనిపించడం లేదు. ఆ వారంలో రెండుసార్లు తలుపు చెక్కకు ఎడమ భుజం కొట్టుకున్నాడు. నిన్న కూతురు అశ్విని పేరు గుర్తు రాక “మన పిల్ల, మన పిల్ల” అన్నాడు. తల పట్టుకుని కూర్చుంటే ఏమైందని అడిగితే ఎండదెబ్బ అన్నాడు.

పద్మారాణి బయటికి వచ్చి మర్పల్లికి ఫోన్ చేసింది. అక్కడ ఉండేది కుమారస్వామి అక్క సంతోషమ్మ. పదకొండేళ్ల కిందట అతని రెండు కిడ్నీలూ పాడైతే, తనది ఒకటి ఇచ్చి బతికించిన మనిషి.

“వదినా, జర నువ్వన్న చెప్పు. దవాఖానకు పోదామంటే నా మాట ఇంటలేడు.”

“ఫికర్ చెయ్యకు. రేపు మొదటి బస్సుకే వస్త.”

అక్క వస్తే అతను కాదనలేకపోయాడు. ముగ్గురూ హైదరాబాదులో కిడ్నీ మార్చిన ఆసుపత్రికే వెళ్లారు. స్కానింగులో మెదడులో గడ్డ కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి, అది లింఫోమా అనే క్యాన్సర్ అని చెప్పింది.

అందరికన్నా ముందు సంతోషమ్మే నోరు విప్పింది. “అమ్మా, నా కిడ్నీల ఏమన్న ఖరాబుండెనా? గదే తలకెక్కిందా?”

డాక్టరమ్మ కుర్చీ ఆమె పక్కకు జరుపుకుంది.

“లేదమ్మా. మీ కిడ్నీ ఇన్నేళ్లూ బాగా పనిచేసింది. వేరేవాళ్ల అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఈయన రోజూ మాత్రలు వేసుకోవాలి కదా, అవి రోగాలను ఎదిరించే శక్తిని కూడా తగ్గిస్తాయి. చాలామందికి చిన్నప్పుడే సోకి ఒంట్లో ఊరికే పడి ఉండే వైరస్ ఒకటుంది. ఆ శక్తి తగ్గినప్పుడు అది లేచి, ఎవరో కొద్దిమందిలో ఇలాంటి గడ్డకు దారితీస్తుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకూ ఇందుకే ముప్పు ఎక్కువ. ఏ కారణమూ లేకుండా పెద్ద వయసువాళ్లకూ రావచ్చు. మాత్రలు వాడినవాళ్లందరికీ రాదు, చాలా అరుదు. ఇంట్లోవాళ్లకు అంటుకోదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

తర్వాత అసలు సంగతి చెప్పింది. ముందు ఆ మాత్రలు తగ్గించాలి, ఆపైన గడ్డకు మందులు ఎక్కించాలి. కానీ మాత్రలు తగ్గిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు. మళ్లీ డయాలసిస్ దాకా పోయినా పోవచ్చు.

“మాత్రలు తగ్గించొద్దు మేడం,” అంటూ కుమారస్వామి లేచాడు. “పాండ్రి, ఇంటికి పోదాం.”

వరండాలో పద్మారాణి అతని దారికి అడ్డం నిలబడింది. “నిజం చెప్పు. తలనొప్పి ఎన్నడు మొదలైంది?”

“రెండు నెలలైంది.”

“మరెందుకు దాచినవ్?”

“చెప్తే మాత్రలు బంద్ చేస్తరేమోనని. అక్క కడుపు కోయించుకొని ఇచ్చింది. గది ఖరాబైతే ఆమె మొఖం ఎట్ల చూడాలె?”

“అక్క మొఖం యాదికుంది. మరి నా మొఖం? బిడ్డ మొఖం?” ఆమె అరిచినట్టే అడిగింది. అటుగా పోతున్న నర్సు ఒక్క క్షణం ఆగి, తల దించుకుని వెళ్లిపోయింది.

అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్న సంతోషమ్మ దగ్గరికొచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

“తమ్మీ, నేనేమన్న దాచిపెట్టమని ఇచ్చిన్నా? నువ్వు బతకాల్నని ఇచ్చిన. దాన్ని కాపాడుకుంట నువ్వే పోతే, నేనిచ్చి ఏం ఫాయిదా?”

“అక్కా, గట్ల కాదు...”

“నేను చెప్పేది ఇను. వారం సంది నాకు నిద్ర లేదు. నా కిడ్నీతోనే నీకు ఈ రోగమొచ్చిందని కుమిలిన. నువ్వేమో అది పోతదని కుమిలినవ్. ఇద్దరం పిచ్చోళ్లమే. పదకొండేండ్లు పనిచేసింది. బిడ్డ డిగ్రీ చదివింది, వికారాబాద్‌ల నౌకరి చేస్తున్నది. గవన్నీ నువ్వు చూసినవ్. నాకు గది సాలు. ఇగ పోతే పోనీ. నువ్వు ఉండు.”

కుమారస్వామి బెంచీ మీద కూలబడి చిన్న పిల్లవాడిలా ఏడ్చాడు. పద్మారాణి కొంగుతో అతని మొహం తుడిచింది. కాసేపటికి అతనే లేచి, డాక్టరమ్మ గదిలోకి వెళ్లి కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఆరు నెలలు మామూలుగా గడవలేదు. కొన్నాళ్లు పద్మారాణిని పోల్చుకోలేక “ఎవరమ్మా నువ్వు?” అని అడిగాడు. అశ్విని సెలవు పెట్టి వచ్చి తండ్రికి గంజి తాగించేది. రెండు గుటకలకే మొహం తిప్పేసేవాడు. జ్వరంతో రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడు. సంతోషమ్మ వారానికోసారి వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఊళ్లో సంగతులన్నీ చెప్పి పోయేది. మెల్లగా మాటలు తిరిగొచ్చాయి, పేర్లు తిరిగొచ్చాయి.

చివరి స్కానింగులో గడ్డ కనిపించలేదు. కిడ్నీ కొంత దెబ్బతింది కానీ పనిచేస్తూనే ఉంది. మళ్లీ మళ్లీ పరీక్షలకు రావాలని, దేనికీ గ్యారంటీ లేదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అయినా పద్మారాణి ఆమెకు రెండు చేతులూ జోడించి, చాలాసేపు దించలేదు.

మరుసటి ఆదివారం భార్యాభర్తలు మర్పల్లి బస్సెక్కారు. సంతోషమ్మ జొన్న రొట్టెలు చేస్తోంది. కుమారస్వామి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

“అక్కా, పదకొండేండ్ల సంది నీకు ఒక మాట చెప్పాల్నని...”

“ఏం చెప్తవ్ గనీ, ముందుగాల తిను.”

పప్పు వేసి, రొట్టె తుంచి ఇచ్చింది. అతను తిన్నాడు. పళ్లెం ఖాళీ చేసి, ఆమె ముందుకు జరిపాడు.

“అక్కా, ఆకలైతున్నది. ఇంకొకటి పెట్టు.”

పద్మారాణి తలెత్తి చూసింది. ఆరు నెలల్లో అతను నోరు తెరిచి తిండి అడగడం అదే మొదటిసారి. సంతోషమ్మ పెనం మీది రొట్టె తీసి పళ్లెంలో వేసింది. కళ్లలో నీళ్లు నిండుతున్నా తుడుచుకోకుండా, మరో ముద్ద తీసుకుని చేతులతో తట్టసాగింది.