నిద్దర మలుపులో ఎలీషబా

"ఎలీషబా... కొంచెం జరుగే. ఓబులయ్య వచ్చినాడు, చోటియ్యి."

లారీ డ్రైవరు కరుణాకరం ఖాళీ సీటుతో అట్ల మాట్లాడతా ఉంటే ఓబులయ్యకు ఒళ్లు జలదరించింది. ఎలీషబా కరుణాకరం భార్య. ఆమె చనిపోయి రెండేండ్లు.

అదీ ఎక్కడ? ముందర రాబోయే ఆ మలుపులోనే...

గిద్దలూరు దాటి నల్లమల ఘాటు రోడ్డు ఎక్కేవాళ్లందరికీ ఆ మలుపు తెలుసు. నిద్దర మలుపంటారు. అక్కడ ఒక ఆడమనిషి లారీ ఎక్కుతుందంట, పక్కన కూచుంటుందంట, ఆమె కూచున్నాక మనిషికి కన్ను మూత పడుతుందంట... మా ఊర్లో ఈ మాట చెప్పుకోని ఇల్లు లేదు. నాకైతే ఓబులయ్య మామే చెప్పినాడు. లారీలు బాగుచేసే మెకానిక్కు ఆయన. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడు జరిగిందంట ఇది.

లారీ నిండా మార్కాపురం పలకలు. నంద్యాలకు పోవాల. "ముందర వద్దు తమ్ముడా, పైనే కూచో" అని కరుణాకరం మొదట్లోనే గట్టిగా చెప్పినాడు. కానీ పైన అడవి చలి... ఘాటు కింద లారీ ఆగితే దిగి వచ్చి, వద్దన్నా వినకుండా ముందర ఎక్కినాడు ఓబులయ్య.

"ఏందన్నా, వదినకు ఇంకా టిక్కెట్టు లేకుండానే తిప్పుతున్నావా?" అని నవ్వబోయినాడు. నవ్వు రాలేదు.

చలికి రెండు అద్దాలూ ఎత్తి ఉన్నాయి. బయట తునికి చెట్ల మీద వెన్నెల, కడిగిన పలక మీద తడి మాదిరి... ఎంత అందమో! ఆ అందంలోనే ఓబులయ్యకు తల దిమ్మెక్కింది. కణతలు కొట్టుకున్నాయి. రెప్పలు బరువు... బరువు...

అప్పుడు కనిపించింది — తెల్లచీర. ఇద్దరి మధ్యన. తల వంచుకొని కూచోని ఉంది.

"వచ్చినావా..." కరుణాకరం గొంతు, కొత్తగా పెండ్లయిన వాడి గొంతు.

లారీ లోయవైపు ఒరిగింది. ఎట్ల లాగినాడో ఏమో, ఓబులయ్య హ్యాండుబ్రేకు లాగినాడు. ఇంజను గక్కున ఆగింది. తలుపు తన్ని, కరుణాకరాన్ని రెక్క పట్టుకొని ఈడ్చి రోడ్డు మీద పడేసినాడు.

చల్లగాలి. ఒకసారి... రెండుసార్లు... గుండెనిండా పీల్చినాడు. సీటు వైపు చూస్తే ఎవరూ లేరు.

"అన్నా... ఇది దెయ్యం కాదు. ఇంజను పొగ. లోపలికొచ్చి తలకెక్కింది."

చక్రాలకు రాళ్లు పెట్టినాడు. పొగ లీకున్న చోటే బయటికి తన్నాలని వెనక పొగగొట్టంలో తడిగోనె కుక్కినాడు. ఇంజను మళ్లీ ఆడించి, చుట్ట ముట్టించి, ఆ చుట్టను గొట్టం వెంబడి మెల్లగా జరుపుకుంటా పోయినాడు. లీకు ఉన్న చోట చుట్టపొగ నిలవదు. ఇంజను పక్కన, అతుకు కాడ, ఎవరో ఊదినట్టు చెదిరింది. బుస్సుమని శబ్దం. దానికి సరిగ్గా పైనే, సీటు కింది చెక్కలో బెత్తెడు సందు.

"అతుకే వదులయింది! నట్లు వేలితో తిరుగుతున్నాయి. వదినను తిన్నది ఇదేనన్నా. ఏ దొంగసచ్చినోడు చేసిన పని ఇది?"

కరుణాకరం రోడ్డు మీద మోకాళ్ల మీద ఉన్నాడు.

ఓబులయ్య పానా తీసి బిగించబోయినాడు. చెయ్యి మీద చెయ్యి పడింది... చల్లటి చెయ్యి.

"వద్దు తమ్ముడా."

"చస్తావన్నా! నన్నూ చంపుతావు!"

"నాకు తెలుసు, పొగేనని. ఆ పొద్దు లారీలో ఆమె తలనొప్పి అన్నది... నంద్యాల పోయినాక చూస్తాలే అన్నాను. ఆమెను మట్టి చేసినాక మళ్లీ ఈ దారినే వస్తే, ఇక్కడే కనిపించింది. భయమేసి గొట్టం గట్టిగా బిగించినా. ఆరు నెలలు... ఒక్కసారి కూడా రాలేదు ఓబులయ్యా."

అడవిలో ఆకు కదలలేదు.

"ఈ పొగ వస్తేనే నా ఎలీషబా వస్తాది. ఘాటు కింద ఆపి... నట్లు నేనే వదులు చేస్తా."