ఎవరూ వినని పాటలు

కాఫీ షాపు తెరవడానికి ఇంకా మూడు రోజులుంది. నాలుగో స్పీకరు బిగించి అతను నిచ్చెన దిగేసరికి కౌంటరు వెనక ఓనరు రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది.

"ఆపండి సౌండు గారూ, ఆపండి!"

అతను ఫోన్లో పాట ఆపాడు. పొద్దుటి నుంచి అది పదిహేడోది.

"దీనికేమైందండీ?"

"ఆవిడెవరో నా నెత్తిమీద కూర్చుని ఏడుస్తోంది. కాఫీ తాగడానికొచ్చినవాళ్ళు ఆవిణ్ణి ఓదార్చి వెళ్ళాలా?"

"ఇందాక నవ్వే పాట పెడితే వద్దన్నారు."

"అది నవ్వా? పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టుంది."

లోపల కప్పులు తుడుస్తున్న ఆమె అక్క పకపకా నవ్వింది. షాపు అక్కచెల్లెళ్ళిద్దరిదీ. అక్క కేకులు చేస్తుంది, చెల్లెలు కాఫీ పెడుతుంది. తలనొప్పులన్నీ చెల్లెలి వాటాకే వచ్చాయి. అతనికి 'సౌండు' అని పేరు పెట్టింది అక్క. దానికి 'గారు' తగిలించింది చెల్లెలు. అది మర్యాదో వెక్కిరింతో నాలుగు రోజులుగా అతను తేల్చుకోలేకపోతున్నాడు.

ఓనరు స్టూలు మీద కూలబడింది. రంగులవాళ్ళతో, పైపులవాళ్ళతో, కరెంటువాళ్ళతో ఐదు నెలలుగా ఆమే వేగుతోంది. గొంతు బొంగురుపోయింది. కుడి మణికట్టుకి కట్టు ఉంది.

"చూడండి, నాకింక ఓపిక లేదు. ఇది బాగుందా అది బాగుందా అని నన్నడక్కండి. ఎవరూ వినని పాటలు కావాలి నాకు. అంతే. అవి పెట్టేయండి."

"ఎవరూ వినని పాటలా?"

"ఆఁ. ఉంటాయి కదా?"

అతను నిచ్చెన మడిచి గోడకి ఆనించాడు. దాన్ని సరిచేస్తున్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఉన్నాయండీ," అన్నాడు. "తొమ్మిది."

ఆ తొమ్మిదీ అతనివే. పదకొండేళ్ళు ఒక రికార్డింగ్ స్టూడియోలో గిటారు వాయించాడు. ముందు ఎవరో పాడతారు, వెనక అతనుంటాడు. మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళినప్పుడు ఒక్కడే కూర్చుని తనకోసం తొమ్మిది వాయించుకున్నాడు. వాటికి మాటల్లేవు. స్టూడియో మూసేశాక లిఫ్టులకీ క్లినిక్కులకీ స్పీకర్లు బిగించే పనిలో పడ్డాడు. గిటారు ముట్టుకుని రెండేళ్ళయింది. ఆ తొమ్మిదింటినీ ఇంతవరకూ ఒక్కరికీ వినిపించలేదు. బాగాలేవంటారని భయం. మాటవరసకి బాగున్నాయంటారేమోనని ఇంకా భయం.

ఇంకెవరడిగినా ఇచ్చేవాడు కాదు. ఆమె అడిగింది కాబట్టి ఇస్తున్నాడు. ఆ సంగతి తనకు తాను ఒప్పుకోవడానికి అతనికి ఇంటికి నడిచి వెళ్ళేంతసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి వాటిని షాపు కంప్యూటర్లో ఎక్కించాడు.

"ఎవరివి?" అనడిగింది ఓనరు, అప్పటికే ఆవలిస్తూ.

"పేరు రాసిలేదండీ."

ఇంకోచోట పనుందని చెప్పి బయటపడ్డాడు. పనేమీ లేదు. ఆమె వినేటప్పుడు అక్కడుండే ధైర్యం లేక వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు ఫోనొచ్చింది. "వెంటనే రండి."

అతను వెళ్ళేసరికి స్పీకర్లు మూగగా ఉన్నాయి. సింకు నిండా కప్పులున్నాయి.

"నిన్న ఏడు కాఫీలు పారబోశాను," అంది ఓనరు. "రెండుసార్లు పాలు మాడ్చాను. రేపే షాపు తెరిచేది. మీరు పెట్టిన పాటలవల్లే ఇదంతా. ఎవడు వాయించాడో గానీ, దొరికితే నేను వాయిస్తాను!"

అతను సింకులోని కప్పుల వైపు చూశాడు. "అంత ఘోరంగా ఉన్నాయా?"

"నేనడిగిందేంటి? ఎవరూ వినని పాటలు."

"అవే కదండీ ఇచ్చాను."

"ఇవా! అలా ఓ పక్కన మోగుతుంటే జనం వాళ్ళ కబుర్లలో వాళ్ళుండాలి. పాటొకటి ఉందని కూడా తెలియకూడదు. ఇవి అలా ఉన్నాయా? చెయ్యి కప్పు మీదుంది, చెవి గోడ మీదుంది!"

అప్పుడు అతనికి అర్థమైంది.

"నేను... ఇంతవరకూ ఎవరూ విననివి అనుకున్నానండీ."

అక్క లోపల్నుంచి తొంగిచూసింది. ఓనరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆరోది విన్నాను. నాలుగుసార్లు," అంది. ఈసారి గొంతు తగ్గింది. "అది వాయించినాయన బాగా అలిసిపోయున్నాడు. అయినా లేచి వెళ్ళిపోలేదు. నాకూ అలాగే ఉంది కదా, అందుకే ఆ పాట నన్ను పట్టుకున్నట్టుంది. ఎవరో కొంచెం కనుక్కోండి."

కనుక్కుని చెబుతానని తప్పించుకోవచ్చు. పాటలు తీసేసి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోవచ్చు. అతను నిచ్చెన వైపు చూశాడు కూడా.

"నావండీ," అన్నాడు.

"ఏంటి మీవి?"

"ఆ పాటలు. తొమ్మిదీ."

ఓనరు అతని చేతుల వైపు చూసింది. సున్నం అంటిన వేళ్ళని అతను వెనక్కి దాచుకున్నాడు.

"ఇందాక వాయిస్తానన్నావు, గుర్తుంది కదే?" అంది అక్క. "దొరికాడు. ఇక కానివ్వు."

"నువ్వుండక్కా." చెల్లెలు అతని మీంచి చూపు తిప్పలేదు. "ఆరోది సగంలో ఆగిపోయిందేం?"

"భోజనాలు ముగించి అందరూ వచ్చేశారు."

ఆమెకి నవ్వొచ్చింది. బొంగురు గొంతుతో నవ్వబోయి దగ్గింది.

"ఇవి మాత్రం షాపులో వద్దు," అంది దగ్గు ఆగాక.

"సరేనండీ."

"ఏం సరే! పూర్తిగా వినండి. ఇవి మోగుతుంటే నేను పని చెయ్యలేను. షాపుకి ఆ లిఫ్టు పాటలేవో పెట్టండి. రేపు సాయంత్రం ఆరింటికి తలుపులు మూస్తాం. అప్పుడు గిటారు తీసుకుని రండి."

"అప్పుడు నేనెక్కడికి పోవాలి?" అంది అక్క.

"ఇంటికి పో."

"పోతాలే. సౌండు గారూ, ముందే చెబుతున్నా. మా చెల్లెలికి ఓపిక తక్కువ, నిద్రెక్కువ. తర్వాత నన్ననకూడదు."

మొదటిరోజు షాపుకి యాభైమంది వచ్చారు. వెనకాల ఏం మోగుతోందో ఒక్కరూ పట్టించుకోలేదు. ఆరు దాటాక అక్క ఏప్రను విప్పి, అతని చేతికి కేకు ముక్కొకటి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఓనరు చెప్పులు విడిచి, ఎదురు కుర్చీలో కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది. అతను గిటారు శ్రుతి చేశాడు. వేళ్ళు మొరాయిస్తున్నాయి. ఆరోది మొదలుపెట్టాడు. అప్పట్లో ఆగినచోటికి వచ్చాడు. అది దాటి ముందుకి వెళ్ళబోయాడు. తీగ తప్పు పలికింది.

ఆమె కదల్లేదు. నిద్రపోయిందనుకుని అతను గిటారు కింద పెట్టబోయాడు.

"తప్పింది," అంది ఆమె కళ్ళు తెరవకుండానే.

"అవునండీ."

"మళ్ళీ వాయించు. నాకేం తొందర్లేదు."