పదిహేడో జవాబు పత్రం

"నా జవాబు పత్రం పోయిందంటున్నారు సార్," అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు, భయం కూడా అరిగిపోయినట్టుంది.

ఊళ్లో అందరూ భూతద్దం అని పిలిచే ప్రైవేట్ డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆయన సహాయకురాలు నోట్‌బుక్ తెరిచింది. ఆయన తుమ్మినా అందులో రాసుకునే మనిషి ఆవిడ.

అమ్మాయి చదివేది ఇంగ్లీష్ ఎం.ఏ. మొదటి సంవత్సరం. సాహిత్య విమర్శ పరిచయం అనే పేపర్లో, కవి పేరు తీసేసి ఒక కవిత ఇస్తారు. ఎవరు రాశారన్నది పట్టించుకోకుండా, ఉన్న మాటల్ని బట్టే విమర్శ రాయాలి. ముప్ఫై రెండు మంది రాస్తే ముప్ఫై ఒక్క పత్రాలే తేలాయి. సోమవారంలోగా దొరక్కపోతే ఆమె పరీక్ష రాయనట్టే. స్కాలర్‌షిప్ ఆగుతుంది, దాంతోపాటు చదువూ ఆగుతుంది.

"నీ నంబరెంత? ఏం రాశావమ్మా?"

"పదిహేడు సార్. కవితలో ఒకావిడ బీరువా సర్ది, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది. మావాళ్లంతా చావు గురించి అని రాశారట. చచ్చిపోయేవాళ్లు బస్సు టైము కనుక్కోరు కదా! ఆవిడ ఆ ఇంట్లో మనిషిని వదిలించుకుని పోతోందని రాశాను."

మర్నాడు ఇంగ్లీష్ శాఖలో గుమాస్తా రిజిస్టరు చూపించాడు. "ముప్ఫై రెండూ లెక్కపెట్టి, ఆ పేపరు ఇచ్చి దిద్దే మాస్టారి చేతిలో పెట్టానండి. ఆయన సంతకం ఇదిగో. తిరిగొచ్చిన కట్టని మాత్రం, బుద్ధి గడ్డి తిని, లెక్కపెట్టకుండా బీరువాలో పడేశాను."

"ఇతన్ని నమ్మలేం," అన్నాడు శాఖాధిపతి. "పోయినేడు హాజరు పట్టీ పోగొట్టాడు."

"ఏటా ఇచ్చే కవితలు ఎందులోవో ఈ రిజిస్టర్లో రాస్తారా?" గుమాస్తాని అడిగాడు భూతద్దం.

"రాస్తారండి. ఈ ఏడే ఖాళీగా వదిలేశారు మాస్టారు. పాపం, భార్య పోయినప్పట్నుంచీ ఆయన ధ్యాస ఎక్కడో ఉంటోంది. ఆవిడా ఇంగ్లీషులో కవితలు రాసేది."

పత్రం గురించి అడిగితే మాస్టారు తలెత్తకుండానే జవాబిచ్చాడు. "దిద్దాను, కట్ట కట్టి ఇచ్చాను. అంతకుమించి తెలీదు."

భూతద్దం గంటసేపు దిద్దిన పత్రాలు తిరగేశాడు. మొదటి పదహారింటి అంచుల నిండా ఎర్ర సిరా. పద్దెనిమిదో దాన్నుంచి చివరిదాకా ఉత్త మార్కులే.

నాలుగింటికి అమ్మాయితో సహా అందర్నీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టాడు.

"బీరువాలోంచి ఎవరో ఒక పత్రం లాగేస్తే, మిగతా పత్రాల మీద ఎర్ర సిరా మారదు. పదహారు దాకా ప్రతి కామాతోనూ పోట్లాడిన మాస్టారు పద్దెనిమిది నుంచి ఒక్క ముక్కా రాయలేదు. మధ్యలో పదిహేడు చదివారు. అందులో ఉన్నది తట్టుకోలేక కట్టలోంచి తీసేశారు. కవిత ఎందులోదో రాయలేదంటే, అది అచ్చయిన పుస్తకంలోది కాదన్నమాట. మాస్టారూ, అది మీ ఆవిడ రాసిందే కదా?"

సహాయకురాలి కలం ఆగిపోయింది.

మాస్టారు సంచిలోంచి నాలుగు మడతల కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆవిడ పోయాక సొరుగులో దొరికింది. పోయేముందు నాకు వీడ్కోలు రాసుకుందనుకున్నాను. మమ్మల్ని ఎరగనివాళ్లు ఆ మాటంటే నమ్మకం కుదురుతుందని పరీక్షలో ఇచ్చాను. పదహారు మంది అన్నారు."

"ఉద్యోగం పోతుందయ్యా!" అన్నాడు శాఖాధిపతి.

"పోనివ్వండి."

అమ్మాయి మడతలు విప్పింది. మొదటి పేజీ మూల ఇరవైకి పద్దెనిమిది వేసి ఉంది. కట్ట మొత్తంలో అంత మార్కు ఇంకెవరికీ రాలేదు.

"తప్పెక్కడుందో వారం రోజులు వెతికానమ్మా," అన్నాడు మాస్టారు. "దొరకలేదు."

అమ్మాయికి ఆయన మీద కోపం రావాలి, రాలేదు.

"ఆవిడ నిజంగా వెళ్లిపోయారా సార్?"

"లేదు. చివరి రోజు దాకా నా పక్కనే ఉంది," అన్నాడు మాస్టారు. "నేనే ఎప్పుడూ ఏమీ అడగలేదు."