పైగదికి వెళ్ళే పళ్ళెం

"కాన్పయ్యాక వెళ్దువుగానిలే! ఇప్పుడు నువ్వెళ్ళి మాత్రం చేసేదేముంది?" అంటూ అమ్మగారు బీరువా తలుపు మూసేసింది. ఆ బీరువాలోనే, మడతపెట్టిన బట్టల అడుగున, గలగల పాస్‌పోర్టు ఉంది!

గలగల అసలు పేరు కాదు. సముద్రం దాటి ఈ ఇంట్లో పనికి కుదిరిన కొత్తలో, ఆమె వాగుడు విని పైగదిలోని పెద్దమ్మగారు, అంటే అమ్మగారి అత్తగారు, పెట్టిన పేరు. పెద్దమ్మగారు కవయిత్రి. ఒకనాటి విందులో కన్నకొడుకే ఆమె కవితను వెటకారంగా చదివి నలుగురినీ నవ్వించాడు. ఆ రోజు మేడెక్కిన మనిషి మళ్ళీ దిగలేదు! కోడలు పళ్ళెం తీసుకెళ్తే తలుపు తీయలేదు, పస్తులుండిపోయింది. గలగల తడితేనే గడియ తీసింది. నా చేతి ముద్దే తింటుందని గలగల ఎంత మురిసిపోయిందో...! ఆ మురిపెమే ఇప్పుడు మెడకు ఉరితాడైంది.

అక్కడ సొంతూళ్ళో గలగల కూతురికి నెలలు నిండాయి. కిందటిసారి బిడ్డ దక్కలేదు. "ఈసారైనా నువ్వు పక్కనుండమ్మా... నాకు భయంగా ఉంది..." అని పొద్దున ఫోన్లో ఒకటే ఏడుపు!

గలగల కళ్ళు తుడుచుకుని, పళ్ళెం పట్టుకుని మెట్లెక్కింది. గది తుడవడం మొదలుపెట్టింది.

"కొత్తది రాశానే, వింటావా?" అంది పెద్దమ్మగారు.

మామూలుగా అయితే, "మీ కవిత్వం నాకర్థమైతే నేనే ఆ మంచమ్మీద కూర్చుని మీచేత గది తుడిపిద్దును కదమ్మా!" అని నవ్వించేది. ఇవాళ తుడిచే గుడ్డ పిండుతూ ఉండిపోయింది.

"ఏమే, నోరు పడిపోయిందా?"

"ఏం లేదమ్మా... అన్నం చల్లారిపోతోంది, తినండి."

"సంగతి చెప్పేదాకా మెతుకు ముట్టను!"

"అదేనమ్మా! మీరు ముట్టరనే కదమ్మా నన్ను పంపట్లేదు!" గలగల భోరుమంది. కూతురి సంగతి, బీరువా సంగతి అన్నీ వెళ్ళగక్కేసింది. చెప్పాక, తప్పు చేసినదానిలా చెంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దమ్మగారు తలుపు గడియకేసి చూసింది. "నీ తలుపుకి గడియను నేనా గలగలా...?" అని మాత్రం అంది. తర్వాత పళ్ళెం తనే చేతిలోకి తీసుకుంది.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కింద భోజనం చేస్తున్న కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది! ఆ ముఖం చూడగానే పెద్దమ్మగారి అడుగు వెనక్కి పడింది. ఆ నవ్వులన్నీ మళ్ళీ చెవిలో మోగాయేమో... పెదవి కొరుక్కుని, వచ్చి కొడుకు ఎదురుగానే కూర్చుంది.

"అమ్మాయ్, వేడివేడిగా కాస్త నువ్వు వడ్డించు. దాని పాస్‌పోర్టు దానికిచ్చెయ్."

కోడలు గరిటె పట్టుకునే ఏడ్చేసింది. "మీరు మళ్ళీ తిండి మానేస్తే నేనేం కానత్తయ్యా? కోడలు కూడు పెట్టలేదని ఊరంతా నన్నే ఆడిపోసుకుంది! మీ అబ్బాయి చేసినదానికి మాటలు పడింది నేను!"

"నిజమేనమ్మా... నిన్నూ కట్టేశాను. ఇకనుంచి రోజూ ఇక్కడే, నీ చేత్తోనే తింటాను."

కొడుకు తల దించుకున్నాడు. "అమ్మా..." అన్నాడు. పెద్దమ్మగారు కోడలు వడ్డించిన అన్నం ముద్ద కలిపి, కష్టమ్మీద మింగింది.

మర్నాడు గలగల పాస్‌పోర్టు అందుకుని సంచి సర్దుకుంటుంటే, వంటింటి పక్కనున్న ఆమె గదిలోకి తలగడతో వచ్చింది పెద్దమ్మగారు.

"ఇదేంటమ్మా! ఇక్కడ కిటికీ కూడా లేదు!"

"మెట్లెక్కే ఓపిక లేదే. పైకెక్కితే మళ్ళీ దిగనేమోనని భయం కూడా..." గోడలు తడిమి చూసింది. "ఇన్నాళ్ళూ ఇందులో ఎలా పడుకున్నావే పిచ్చిదానా!"

గలగల ఆమె పాదాలకు మొక్కి లేచింది. "వెళ్ళొస్తానమ్మా..."

పెద్దమ్మగారు గబుక్కున ఆమె నోటిమీద చెయ్యి వేసింది.

"రానని చెప్పి వెళ్ళు తల్లీ! వస్తానన్నావంటే నేను రోజూ గుమ్మం వైపే చూస్తాను."

గలగల సంచి భుజాన వేసుకుంది. ఎంత ప్రయత్నించినా 'రాను' అన్న మాట మాత్రం నోటికి రాలేదు.