మూడు వందల పన్నెండో పెట్టె

మూడు వందల పదకొండో యంత్రానికి కూడా పచ్చదీపం వెలిగింది. పైడమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుని పలక మీద ఇంకో గీత గీసింది. సరిచూపుశాలలో ఆమెది ఇరవై రెండేళ్ళ కొలువు. యంత్రాలన్నింటికీ ఆజ్ఞలిచ్చి నడిపించేది ఏకనాడి; దాని కొత్త రూపం రోజూ పొద్దున్నే పై కేంద్రం నుంచి వస్తుంది. పిండిమరలు, బస్సు తలుపులు, ఆసుపత్రి ఊపిరిపెట్టెలు, శాలలో ఉంచిన ఇలాంటి నమూనాలన్నింటిలోనూ నాడి సరిగా ఆడుతోందని చూసి ఆమె వేలిముద్ర వేసిందంటే, మధ్యాహ్నానికల్లా మూడు జిల్లాలకూ పాకిపోతుంది.

మిగిలింది ఒక్కటే, అసిరయ్య గోనెమగ్గం నడిపే పాత పెట్టె. దానికి ఎర్రదీపం.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి వచ్చిన అసిరయ్య, జ్వరం పిల్లను వైద్యుడి దగ్గరికి తెచ్చినవాడిలా నిలబడ్డాడు.

"ఏటంటాదప్పా?"

"ఉండయ్యా, దాన్ని మాటాడనీ."

శాలాధికారి కూర్మారావు తొంగిచూశాడు. "జాబితాలోంచి కొట్టేయ్ పిన్నీ. ఇలాంటి బండలన్నీ మోస్తే ఏకనాడికి నడుం ఇరిగిపోతాది. నాలుగు రకాలే ఉంటే గుర్రంలా పరిగెడతాది."

"కొట్టేస్తే నా మగ్గం ఆగిపోతాది బాబూ," అన్నాడు అసిరయ్య. "కొత్త పెట్టె దానికి అతకదు."

"ఒక్కింటి కూడే తిన్నోడికి వంట సంగతేటి తెలుస్తాది?" అని కూర్మారావుకు బదులిచ్చి, పైడమ్మ పెట్టె నడకను తెరమీద నెమ్మదిగా తిప్పి చూసింది. పెట్టె మొదటి ఆజ్ఞ ముగించకముందే ఏకనాడి రెండోది తోసేస్తోంది. తక్కినవి చురుకైనవి కాబట్టి తట్టుకుంటున్నాయి.

శాలలో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఊళ్ళలో సాయంత్రమైతే నీరసించిపోతుంది, యంత్రాలూ దాంతోపాటే మందగిస్తాయి. ఇన్నేళ్ళలో ఎవరూ చేయని పని చేసింది పైడమ్మ. శాల కరెంటును ఊరి కొలతకు దించింది.

ఒకటి, మూడు, పది... నలభై పచ్చదీపాలు ఎర్రబడ్డాయి. ఊపిరిపెట్టె సగం గాలి పీల్చి ఆగిపోయింది.

కూర్మారావు గొంతు తగ్గింది. "కరెంటు మళ్ళీ పెంచేయ్ పిన్నీ. పన్నెండుకల్లా పై కేంద్రం ముద్ర అడుగుతాది."

"అన్నింటిదీ ఒకటే రోగం బాబూ. ఈ పెట్టె దాచుకోలేకపోయింది, అంతే."

ముద్ర వేయమని తెర అడిగింది. పైడమ్మ చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుంది. పన్నెండు దాటింది. మూడు జిల్లాల యంత్రాలూ నిన్నటి నాడితోనే ఆడుతూ ఎదురుచూస్తున్నాయి. అసిరయ్య పెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, పై కేంద్రం నుంచి ఒక మనిషి గొంతు వినిపించింది. "ఎవరమ్మా అక్కడ? ఏమైంది?"

"ముందు గోనెమగ్గం సంగతి రాసుకో నాయనా," అంది పైడమ్మ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "నిదానంగా సెప్తాను."